అదనపు బాధ్యత: పారలల్ బార్స్

అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు లేస్తున్న ఏడాది, ఎండాకాలం మొదట్లో, నన్ను గ్రేడ్-టూ జిమ్నాస్టిక్స్ కోచ్‌గా అమీర్‌పేటకూ పంజాగుట్టకూ మధ్యనున్న ఒక ప్రభుత్వ ఇండోర్ హాలుకు బదిలీ చేశారు. అప్పటివరకు నా ఉద్యోగమంతా బాలికల విభాగంలోనే గడిచింది. ఉత్తర్వులో మాత్రం చివర ఒక వాక్యం అదనంగా ఉంది: తదుపరి ఏర్పాటు జరిగేవరకు బాలుర విభాగం కూడా అదనపు బాధ్యతగా చూడవలెను. ఆ హాలులో బాలుర కోచ్‌గా చాలాకాలం పనిచేసిన రహీం సార్ డిప్యుటేషన్ మీద వేరే రాష్ట్రంలోని అకాడమీకి వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో మనిషి దొరకలేదు. నేను దొరికాను.

ఈ వృత్తి తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. జిమ్నాస్టిక్స్‌లో మగపిల్లలకు ఆరు పరికరాలు, ఆడపిల్లలకు నాలుగు. నేల మీద చేసేదీ, పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా దూకే వాల్టూ ఇద్దరికీ ఉంటాయి. మిగతావి వేరు. మా ఆడవాళ్ళ బార్లు ఒకటి ఎత్తుగా, ఒకటి తక్కువ ఎత్తులో, దూరదూరంగా ఉంటాయి. పారలల్ బార్స్ పూర్తిగా మగవాళ్ళది. భుజాల వెడల్పున, మనిషి తల కన్నా ఎత్తులో, ఒకే మట్టంలో రెండు చెక్క బార్లు. వాటి మధ్య శరీరం ఊగుతుంది. సగం విన్యాసాలు బార్ల పైన, సగం బార్ల కింద. కోచింగ్ డిప్లొమాలో దాని సిద్ధాంతం చదివాను, పరీక్ష రాశాను, మంచి మార్కులే వచ్చాయి. ఏ విన్యాసాన్నయినా బోర్డు మీద బొమ్మ గీసి వివరించగలను. ఆ బార్లు పట్టుకుని ఒక్కసారి కూడా ఊగలేదు.

బాలుర విభాగంలో పిల్లలు చాలామందే ఉన్నా, ఆ ఏడాది అందరి కళ్ళూ ఉన్నది వంశీ మీద. ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తిచేశాడు. తండ్రి సత్తయ్య గారు సిరిసిల్ల వైపు నుంచి వచ్చి బల్కంపేటలో టైలరింగ్ షాపు పెట్టుకున్నారు. జూనియర్ విభాగంలో వంశీకి అదే ఆఖరి ఏడాది. దసరాకు ముందు రాష్ట్ర జట్టు సెలక్షన్లు. నలుగురు జట్టులో, ఒకరు రిజర్వులో. పోయిన ఏడాది వరకు వంశీ ఆ నలుగురిలో ఉంటాడనే అందరూ అనుకున్నారు.

చేరిన మొదటి వారంలోనే సంగతి అర్థమైంది. వాడి పారలల్ బార్స్ రొటీన్ ఒక్క చోట ఆగిపోయింది. ఆ విన్యాసాన్ని హాళ్ళలో బాస్కెట్ అంటారు. బార్ల మీద చేతులు నిటారుగా ఆన్చి శరీరాన్ని నిలిపిన స్థితి నుంచి శరీరాన్ని నడుము దగ్గర మడిచి, కాళ్ళు మొహం మీదకు తెచ్చుకుని, బార్ల మధ్యలోంచి వెనక్కి, కిందికి జారాలి. తల కిందుగా ఊగి అవతలివైపు లేస్తున్నప్పుడు నడుము తెరిచి, రెండు చేతులూ ఒకేసారి వదిలి, మళ్ళీ పైనుంచి బార్లు పట్టుకుని, అదే ఊపులో చేతుల మీద తలకిందులుగా నిలబడాలి. వదిలిన ఆ లిప్తకాలంలో బార్లు కనిపించవు. ముందుగా వదిలితే శరీరం ఇంకా కిందే ఉంటుంది, మోచేతులు వెళ్ళి చెక్కకు తగులుతాయి. ఆలస్యంగా వదిలితే ఊపు చచ్చి, మనిషి వెనక్కి పరుపు మీద పడతాడు. వంశీ ముందుగా వదులుతున్నాడు. రెండు మోచేతుల కిందా నల్లగా కమిలిన మచ్చలు. కొన్నాళ్ళుగా కిందికి జారడానికి ముందే భుజాలు బిగబట్టి ఆగిపోతున్నాడు.

రహీం సార్‌కు ఫోన్ చేశాను. మంచి మనిషి, నా ఇబ్బంది వెంటనే గ్రహించారు.

"వాడికి ఆవాజ్ కావాలె మేడం. నేను పక్కకు నిలబడి 'ఛోడ్' అనంగనే వదులుతుండె. మీరు సుత గట్లనే అనుండ్రి. ఫికర్ చేయకుండ్రి, వచ్చేస్తది."

ఆయన ఫోన్‌లోనే లయ చెప్పారు. జారేటప్పుడు ఒక దీర్ఘం, అడుగున ఒక విరామం, ఆ తర్వాత మాట. నేను దాన్ని నోట్లో అనుకుంటూ సాధన చేసి, మర్నాడు వంశీ పక్కన దిమ్మ వేసుకుని నిలబడ్డాను. ఆసరా ఇచ్చే మనిషి చెయ్యి ఎప్పుడూ బార్ కిందనుంచే వెళ్ళాలి. బార్ మీదుగా వెళ్తే, పడే శరీరానికీ చెక్కకూ మధ్య ఆ చెయ్యి విరుగుతుంది. ఆ జాగ్రత్త తీసుకుని, సరైన చోట "ఛోడ్" అన్నాను. వంశీ వదిలాడు. కుడి మోచెయ్యి బార్‌కు కొట్టుకుంది. ఎముకకు ఏమీ కాలేదని సోమాజిగూడలో ఎక్స్‌రే తీయించాక తెలిసింది. బాస్కెట్ ఆపేయమని చెప్పాను.

వంశీకి కోపం వచ్చింది. పిల్లలందరి ముందూ అడిగాడు.

"రహీం సార్ ఉన్నప్పుడు నాకు మంచిగనే వస్తుండె. మీరు ఆపుమంటున్నరు. మీరు దాని మీద ఎప్పుడన్న ఎక్కిన్రా మేడం?"

"ఎక్కలేదు" అన్నాను. అది నిజం.

ఆ వారంలోనే సత్తయ్య గారు వచ్చారు. హాలు గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడి మాట్లాడారు. కోపం లేదు, లెక్క తేల్చుకోవడానికి వచ్చిన మనిషిలా ఉన్నారు.

"మాకు ఆటల గురించి తెల్వదు మేడం. పోరడు చిన్నప్పటిసంది ఇష్టపడి వస్తున్నడు, కాదనలేదు. ఇప్పుడేమో దెబ్బలు తగిలించుకుంటుండు, సార్ లేడు. గీ సెలక్షన్ దాకా చూస్తం. అయితే మంచిదే. లేకపోతే బంద్ చేసి చదువు మీద కూసుంటడు. అమీర్‌పేటల ఇన్ని కోచింగులున్నయి."

ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాకు మిగిలినవి రెండు దారులు. ఒకటి, రొటీన్ నుంచి బాస్కెట్ తీసేయడం. జిల్లా క్రీడల అధికారి అదే సలహా ఇచ్చారు. రెండు, అది ఎక్కడ చెడుతోందో కనుక్కోవడం. బయట నిలబడి చూస్తే నాకు కనబడేది ఒక్కటే: ముందుగా వదులుతున్నాడు. ఎందుకు వదులుతున్నాడో మాత్రం తెలియడం లేదు.

మే నెల నుంచి పిల్లలు రావడానికి ముందే హాలుకు వెళ్ళడం మొదలుపెట్టాను. యాభైకి దగ్గరపడుతున్న వయసు. మా బార్ల మీద చేసిన శరీరమే అయినా, ఇది వేరే చదువు. మా బార్ మీద అరచెయ్యి తిరుగుతుంది, దాని వెనకే శరీరం తిరుగుతుంది. ఇక్కడ చెయ్యి కదలదు, భుజం ఊగాలి. మొదట మామూలు ఊపు, కాళ్ళు ముందుకీ వెనక్కీ. రెండో రోజుకే భుజాలు వణికాయి. తర్వాత అప్పర్ ఆర్మ్ ఊపు, అంటే బార్ల మీద చంకల కింది భాగం ఆన్చి, చేతులు చాచి వేలాడుతూ ఊగడం. దానివల్ల జబ్బల లోపలి వైపు చర్మం కమిలి ఊదారంగుకు తిరిగింది. సిటీ బస్సులో పైన రాడ్ పట్టుకోవడానికి చెయ్యి లేచేది కాదు. మావారు పంజాగుట్టలోనే బ్యాంకు ఉద్యోగి. ఆ మచ్చలు చూసి, "ఈ వయసులో ఏంటి విజయా ఇది? వాళ్ళు అడిగారా నిన్ను?" అన్నారు. అడిగారనే చెప్పాను. వంశీ అడిగాడు కదా.

పట్టు జారకుండా అందరూ వాడే తెల్లటి మెగ్నీషియా పొడితో పాటు, పారలల్ బార్స్ మీద తేనె కూడా రాస్తారు. మా విభాగంలో నాకు ఆ అలవాటు లేదు. నేను తేనె ఎక్కువ రాసి, అరచేతులు చెక్కకు అతుక్కుని, ఊపు మధ్యలో ఆగిపోయి నవ్వులపాలయ్యాను. నవ్వింది వంశీ. ఒక ఉదయం తొందరగా వచ్చి గుమ్మంలోంచి చూస్తున్నాడని నాకు తెలియదు.

"తేనె గంత పెట్టద్దు మేడం. జరంత పెట్టి, నీళ్ళు చల్లి, మీదికెళ్ళి పొడి రుద్దాలె" అన్నాడు. వచ్చి చేసి చూపించాడు. మర్నాటి నుంచి వాడూ తొందరగా రావడం మొదలుపెట్టాడు. పరుపులు తెచ్చి బార్ల కింద ఎత్తుగా పేర్చేవాడు. నా భుజం పడిపోతుంటే చెప్పేవాడు. వాడి గొంతులో ఎగతాళి ఉందేమోనని మొదట్లో వెతికాను. లేదు. నేర్పడం వాడికి బాగా నచ్చింది.

జూన్ చివరికి నేను బాస్కెట్ చేయడానికి సిద్ధమయ్యాను. చేతుల మీద నిలబడే దాకా కాదు, నా వయసుకు అది అనవసరం. కిందికి జారి, అవతలివైపు లేచి, వదిలి, చంకల మీద బార్లను అందుకోవడం. ఇది మొదటి మెట్టు. వదిలే క్షణం మాత్రం రెండింటికీ ఒకటే. వంశీ పక్కన నిలబడి, రహీం సార్ లయలోనే "ఛోడుండ్రి!" అన్నాడు. భయపడుతూనే వదిలాను. బార్లు వచ్చి చంకల కింద మెత్తగా ఆనుకున్నాయి. దెబ్బ లేదు, జారడం లేదు. నమ్మలేక మళ్ళీ చేశాను. మళ్ళీ వాడు పిలిచాడు, మళ్ళీ సరిపోయింది.

"మస్తుగ వచ్చింది మేడం!" అని వాడు గంతులేశాడు. నేను పరుపు మీద కూర్చుండిపోయాను. అదే పిలుపు, అదే బార్లు. నాకు సరిపోయినది వాడికి ఎందుకు సరిపోవడం లేదు?

లేచి వాడి పక్కన నిలబడ్డాను. నా తల వాడి భుజం దగ్గరికి వచ్చింది.

"బాస్కెట్ నేర్చుకున్నప్పుడు నువ్వెంత ఉండేవాడివి వంశీ?"

వాడు ఆలోచించి అరచెయ్యి గాల్లో పెట్టాడు. "గింత ఉంటి." సరిగ్గా నా నెత్తి ఎత్తు.

సాయంత్రం బల్కంపేట వెళ్ళి షాపులో సత్తయ్య గారిని అడిగాను, అబ్బాయి ఈ మధ్య బాగా పొడుగయ్యాడా అని. ఆయన కుట్టు మిషను ఆపి నవ్వారు. "అడుగుతున్నరా మేడం? ఒక్క ఏడాదిల రెండుసార్లు వాని ప్యాంట్ల కింది మడత విప్పిన. ఇంక విప్పేటందుకు బట్ట లేదు."

ఊగే వస్తువు పొడుగు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది. గోడ గడియారం లోలకానికైనా, మనిషికైనా ఇదే నియమం. రహీం సార్ పిలుపు తప్పు కాదు. ఆయన దాన్ని నా అంత ఎత్తున్న పిల్లవాడి కోసం కట్టారు. పిల్లవాడు పెరిగాడు, రోజూ కళ్ళ ముందు పెరిగాడు కాబట్టి ఎవరికీ తెలియలేదు. సార్ వెళ్ళిపోయాక కూడా ఆ మాట వాడి చెవిలో అదే వేళకు వినిపిస్తూనే ఉంది. శరీరం ఇంకా బార్ల కిందే ఉండగా చేతులు వదులుతున్నాయి. నేను పక్కన నిలబడి అదే లయలో పిలిచి, వాడి మోచెయ్యి కొట్టుకునేలా చేశాను.

పిలుపును కాస్త ఆలస్యం చేస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ వాడు ఇంకా పెరుగుతున్నాడు. పైగా పోటీలో కోచ్ నోరు విప్పితే మార్కులు కోస్తారు. అందుకని వేరే పద్ధతి పెట్టాను. బార్ల కింద ఊగేటప్పుడు అడుగున శరీరం బరువంతా చేతుల్లో ఉంటుంది. లేస్తున్నకొద్దీ ఆ బరువు తగ్గి, ఒక చోట చేతులు తేలికైపోతాయి. అదే వదలాల్సిన వేళ. అది నేను బార్ల మీద ఊగితేగానీ నాకు తెలియలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"వదలద్దు. కిందికి జారు, పైకి లే, పట్టుకునే మళ్ళీ వెనక్కి రా. చేతులు తేలికైనప్పుడు నువ్వే 'ఇప్పుడు' అను" అని చెప్పాను.

కొన్ని రోజులు అంతే చేశాడు. వాడు "ఇప్పుడు" అనే చోటు పాత "ఛోడ్" కన్నా కాస్త తర్వాత వస్తోందని పక్కన నిలబడ్డ నాకు స్పష్టంగా తెలిసింది. వాడికి మాత్రం నమ్మకం లేదు. "గంతసేపు ఆగితే పడిపోత మేడం" అనేవాడు. నోరు ఒక వేళ చెబుతోంది, చేతులు ఇంకో వేళకు అలవాటు పడి ఉన్నాయి. వదలమని నేను తొందరపెట్టలేదు. బాలికల విభాగం పని కూడా నాదే కాబట్టి, వాడికి ఊగే పని చెప్పి, ఆడపిల్లలు విన్యాసాలు చేసే సన్నటి దూలం, బీమ్ దగ్గరకు వెళ్ళిపోయేదాన్ని.

ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజున రోడ్లన్నీ మూసేశారు. హాలుకు నలుగురైదుగురే వచ్చారు. వంశీ జనంలోంచి నడుచుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం వాన పట్టుకుంది. హాలు పైకప్పు రేకులది. వాన పడితే లోపల ఎవరి మాటా ఎవరికీ వినపడదు. వాడు బార్ల మీద ఊగుతున్నాడు, నేను దిమ్మ మీద నిలబడి చెయ్యి బార్ కింద పెట్టి ఉంచాను. వాడి పెదవులు కదిలాయి, నాకేమీ వినిపించలేదు. చేతులు వదిలాయి, పైనుంచి బార్లను అందుకున్నాయి. నా చెయ్యి వాడి వీపుకు తగలనేలేదు. వాడు చేతులు నిటారుగా ఆన్చి బార్ల పైన నిలిచాడు. కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూశాడు. మళ్ళీ చేయమని వేలు తిప్పి సైగ చేశాను. చేశాడు. ఆ రోజు వాన ఆగేదాకా చేస్తూనే ఉన్నాడు.

అక్కడి నుంచి చేతుల మీద నిలబడే స్థితికి తీసుకెళ్ళడానికి మరికొన్ని వారాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు పాత అలవాటు తిరిగొచ్చింది, ఒకసారి బాగానే దెబ్బ తగిలింది. సెలక్షన్లకు ముందు క్రీడల అధికారి వచ్చి చూసి మళ్ళీ అదే మాట అన్నారు. పడితే పూర్తి మార్కు పోతుంది, తీసేస్తే అంతకు కాస్త తక్కువే పోతుంది, ఎందుకు ఈ సాహసం అని. ఆయన లెక్క సరైనదే. నేను వంశీని పిలిచి రెండు రొటీన్లూ రాసి చూపించాను, బాస్కెట్ ఉన్నదీ లేనిదీ.

"నువ్వు చెప్పు."

"ఉంచుత మేడం" అన్నాడు. కాగితం తిరిగి ఇస్తూ, "పడ్డా ఉంచుత" అన్నాడు.

సెలక్షన్ రోజున సత్తయ్య గారు షాపు మూసి వచ్చారు. కొడుకు రొటీన్ ఆయన చూడటం అదే మొదటిసారి. నేను నియమం ప్రకారం బార్ల పక్కన నిలబడ్డాను, ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు. పక్క పరికరం దగ్గర ఎవరో కోచ్, రొటీన్‌కు ముందు సాధన చేస్తున్న తన పిల్లవాడికి అరిచి చెబుతున్నాడు. ఆ అరుపు వంశీ చెవిలో పడుతుందేమోనని అటు ఒకసారి చూశాను. వాడు కాళ్ళు మడిచి జారాడు. అడుగున ఆగినట్టు అనిపించింది. నాకు తెలిసిన పాత వేళ దాటిపోయింది, అయినా చేతులు బార్లనే పట్టుకుని ఉన్నాయి. ఆ తర్వాత వదిలాడు. బార్లు అందాయి, శరీరం పైకి లేచింది. చేతుల మీద పూర్తి నిటారు కాకముందే ఆగింది, దానికి కొంత కోత. మిగతా రొటీన్ శుభ్రంగా సాగింది. చివర బార్ల మీదనుంచి దిగే పల్టీలో మాత్రం మోకాళ్ళు బాగా వంగిపోయి, ఒక చెయ్యి పరుపుకు ఆన్చాడు. అది పడినట్టే లెక్క. ఒక మార్కు పోయింది.

ఆరు పరికరాలూ పూర్తయ్యాక వాడికి అయిదో స్థానం వచ్చింది. రిజర్వు.

సత్తయ్య గారు నా దగ్గరకు వచ్చారు. "రిజర్వు అంటే ఏంది మేడం?"

జట్టుతో పాటు వెళ్తాడని, అదే ట్రాక్‌సూట్ ఇస్తారని, నలుగురిలో ఎవరికైనా దెబ్బ తగిలితేనే ఆడతాడని చెప్పాను.

"పోతడు గదా?"

"వెళ్తాడు."

ఆయన బార్ల వైపు ఒకసారి చూశారు. వాటి ఎత్తు అంచనా వేస్తున్నట్టు పైనుంచి కిందికి చూశారు. "గంత మీదికెళ్ళి తలకిందులు చేస్తడని నాకెవ్వలు చెప్పలే" అన్నారు. తర్వాత, "అయితే పోనియ్యండ్రి" అన్నారు. చదువు గురించి ఆ రోజు మాట్లాడలేదు. వంశీ ఆ పోటీల్లో ఆడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంటర్ పూర్తిచేశాడు, ఆట మానలేదు. రెండేళ్ళ తర్వాత సీనియర్ జట్టులో చోటు సంపాదించాడు.

చలికాలంలో బాలుర విభాగానికి కొత్త కోచ్‌ను వేశారు. చార్జి అప్పగించే రోజున ఆయన వంశీని బార్ల మీద చూసి, పక్కన నిలబడి, అలవాటు ప్రకారం లెక్కపెట్టి గట్టిగా పిలిచారు. వంశీ వదలలేదు. ఊపు ఆపి, కిందికి దిగి, చేతుల పొడి దులుపుకుని మర్యాదగా చెప్పాడు. "మీరు అనకుండ్రి సార్. నాకు తెలుస్తది."

ఆయన నా వైపు చూశారు. "పిల్లాడు చెప్పింది నిజమే సార్" అని, పరికరాల జాబితా ఆయన చేతికిచ్చాను.

ఆ తర్వాత రిటైర్ అయ్యేవరకు నేను పాటించిన పద్ధతి ఇది. చేతులు వదిలి పట్టుకునే ఏ విన్యాసమైనా, మొదటి మెట్టులో మాత్రమే నా గొంతు ఇస్తాను. ఆ తర్వాత వేళ చెప్పాల్సింది పిల్లలే. ఎత్తు బాగా పెరిగిన ఏడాది, ఎంత బాగా చేస్తున్నా, ఆ విన్యాసాన్ని మళ్ళీ మొదటినుంచి చేయిస్తాను. మేడం ఊరికే నిలబడి చూస్తున్నారు, ఏమీ చెప్పడం లేదని కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ ఇదే వివరణ రాసి పంపాను.